వెంట్రుకకన్న సన్నని కుట్టు: శోషరసపు వాపు, సూక్ష్మ శస్త్రచికిత్స

బోదకాలు ఎరుగని తెలుగువారు అరుదు. గోదావరి, కృష్ణా డెల్టాల కాలువగట్ల ఊళ్ళలోనూ, ఉత్తరాంధ్ర తీరగ్రామాలలోనూ పెరిగినవారికి అటువంటి కాలున్న మనిషి ఒకరైనా జ్ఞాపకం ఉండి తీరుతారు. పంచె అంచు చీలమండ దాకా జార్చుకొని నడిచే పెద్దమనిషి, కుచ్చెళ్ళ చాటున పాదం దాచుకొని పేరంటంలో ఒక మూల కూర్చునే ఇల్లాలు ప్రతి ఊరిలోనూ ఉండేవారు. దానిని కర్మఫలమనీ, ఊరి నీటి గుణమనీ చెప్పుకొని సరిపెట్టుకొనేవారే తప్ప వైద్యుని వద్దకు వెళ్ళినవారు తక్కువ.

ప్రవాసంలో ఉన్న కుటుంబాలకు ఎక్కువగా ఎదురయ్యే వాపు మరొకటి ఉంది. రొమ్ము కాన్సర్‌కు శస్త్రచికిత్స, రేడియేషన్ పూర్తిచేసుకొని, గండం గడిచిందని ఊపిరి పీల్చుకొన్న స్త్రీకి ఏడాదికో రెండేళ్ళకో ఒక చేతి గాజులు బిగుతవుతాయి. జాకెట్టు చేయి ఒకవైపే పట్టేస్తుంది. ఉంగరం దిగదు. నొప్పి పెద్దగా ఉండదు కనుక ఎవరికీ చెప్పదు. చెప్పినా, ప్రాణం దక్కింది, చేయి కాస్త వాస్తే ఏమిటి అన్న సమాధానం ఇంటిలోనే వినిపిస్తుంది.

మొదటిది దోమ తెచ్చిన పురుగు వల్ల కలిగినది. రెండవది ప్రాణం నిలిపిన చికిత్స వల్లనే కలిగినది. అయినా దేహంలో చెడిన ఏర్పాటు రెండింటిలోనూ ఒకటే. దానిని సరిచేయడానికి పూనుకొన్నవారిలో ఇటీవలి దశాబ్దాలలో ముందు నిలిచినవారు సూక్ష్మ శస్త్రచికిత్సలో ఆరితేరిన ప్లాస్టిక్ సర్జన్లు. ఆ పేరు వినగానే ముక్కు తీర్చే వైద్యుడో, ముడతలు దిద్దే వైద్యుడో గుర్తుకు రావడం సహజం. సినిమా తారల పుణ్యమా అని ఆ శాఖకు ఆ కీర్తే మిగిలింది. ప్లాస్టిక్ బిందెకూ ఈ శాఖకూ ఉన్న చుట్టరికమల్లా, మలచడం అనే అర్థమిచ్చే ఒక గ్రీకు మాట ఇద్దరికీ తల్లి కావడమే. పోయిన భాగాన్ని తిరిగి నిర్మించడం, ఆగిన ప్రవాహానికి దారి చూపడం ఆ శాఖలో అందచందాల పనికన్న పెద్ద పని.

మురుగుకాలువ పూడితే

గుండె నుండి ధమనులలో వెళ్ళిన రక్తం సిరలలో తిరిగి వస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. కాని వెళ్ళినదంతా ఆ దారిన తిరిగి రాదు. కేశనాళికల పలుచని గోడల గుండా నీరు, దానితోపాటు కొంత మాంసకృత్తు నిరంతరం ఊరి, కణాల మధ్య ఖాళీలలో చేరుతూ ఉంటుంది. దానిని పోగుచేసి మళ్ళీ రక్తంలో కలపడానికి దేహమంతటా మరొక నాళాల వల అల్లుకొని ఉంది. ఆ నాళాలలో పారే ద్రవమే శోషరసం. రోజుకు సుమారు 2 నుండి 4 లీటర్ల శోషరసం ఇలా ప్రయాణించి, చివరకు మెడ మొదట్లో ఉన్న పెద్ద సిరలలో పడుతుంది.

డెల్టా రైతుకు ఇది వెంటనే బోధపడే విషయం. పంటకాలువ ఎంత ముఖ్యమో మురుగుకాలువ అంత ముఖ్యం. పొలానికి నీరు పెట్టడం తెలిసి, తీయడం తెలియకపోతే చేను కుళ్ళిపోతుంది. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడుకొన్న ఏడు, లంకగ్రామాలకు ఏమి గతి పడుతుందో ఆ ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. శోషరస నాళాలు దేహానికి మురుగుకాలువలు. ఈ ప్రవాహాన్ని తోసేందుకు గుండెవంటి పంపు లేదు. నాళాల గోడలు తమంతట తామే నిమిషానికి కొన్నిసార్లు ముడుచుకొంటాయి; చుట్టూ ఉన్న కండరాల కదలిక తోడవుతుంది; లోపలి కవాటాలు వెనక్కి జారనివ్వవు. చంకలలో, గజ్జలలో, మెడలో గ్రంథులుంటాయి. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టినపుడు “గజ్జలో బిళ్ళ కట్టింది” అనేది ఈ గ్రంథి ఉబ్బడాన్నే. క్రిములను పట్టి ఆపే తనిఖీ ఠాణా అది.

ఇంత పెద్ద ఏర్పాటు వైద్యుల కంట చాలా ఆలస్యంగా పడింది. ఇటలీలో గాస్పరె అసెల్లి 1622లో, అప్పుడే తిండి తిన్న కుక్క పొట్టను కోసి చూసినపుడు, పేగుల పొరలో తెల్లని దారాలవంటివి కనిపించాయి. మొదట నరాలనుకొన్నాడు. ఒకదానిని తెంపి చూస్తే పాలవంటి ద్రవం కారింది. రక్తప్రసరణపై విలియం హార్వే గ్రంథం వెలువడడానికి ఇది ఆరేళ్ళ ముందటి మాట. తరువాత ముప్పై నలభై ఏళ్ళలో పెకె, బార్తొలిన్, రుడ్‌బెక్ వంటి శాస్త్రజ్ఞులు మిగిలిన దారిని కనుగొన్నారు. నీరువలె తేటగా, రంగు లేకుండా ఉండడమే ఇది ఇంతకాలం కంటపడకపోవడానికి కారణం. ఆ తేటదనమే నేటి సర్జన్‌కు కూడా మొదటి చిక్కు.

ఈ నాళాలు మూసుకొనిపోతే మాంసకృత్తుతో కూడిన నీరు కణాల మధ్య నిలిచిపోతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులలో వచ్చే వాపు సాధారణంగా రెండు కాళ్ళకూ వస్తుంది, మందుకు తగ్గుతుంది. ఈ వాపు అటువంటిది కాదు. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు దీనికి పనిచేయవు. మొదట్లో వేలితో నొక్కితే గుంట పడుతుంది. రాత్రి చేయి ఎత్తున పెట్టుకొని పడుకొంటే తెల్లవారేసరికి తగ్గుతుంది. ఈ దశలో అది నీరే. నిలిచిన నీరు ఊరకే ఉండదు. తాపం రగులుతుంది, నారకణజాలం పేరుకొంటుంది, కొవ్వు పెరుగుతుంది. కొన్నేళ్ళకు నొక్కినా గుంట పడదు. వాపు అన్న మాటే అప్పటికి తప్పు. చేయి నిజంగానే లావవుతుంది. చికిత్స ఏమిటన్నది, ఎంతవరకు ఫలిస్తుందన్నది రోగి ఈ రెండు దశలలో ఎక్కడ ఉందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

బోదకాలుకు మూలమైన పైలేరియా పురుగు సన్నని తెల్లదారంలా ఉండి శోషరస నాళాలలోనే కాపురం చేస్తుంది. కొన్నేళ్ళు బ్రతికి, లక్షల పిల్లలను రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలు మనిషి నుండి దోమలోకి చేరి పెరుగుతాయని చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ పాట్రిక్ మాన్సన్ 1877లో కనిపెట్టాడు. ఒక కీటకం మనుషుల జబ్బును మోయగలదని తేల్చిన తొలి పరిశోధనలలో ఇది ఒకటి. మలేరియాపై రొనాల్డ్ రాస్ కృషికి బాట వేసింది ఇదే. భారతదేశంలో బోదకాలు వ్యాపింపజేసేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ. రక్తంలో ఈ పిల్లలు రాత్రిపూటనే తిరుగుతాయి. 1955లో మొదలైన జాతీయ పైలేరియా నివారణ పథకం సిబ్బంది చేత లాంతరు, గాజుపలక పట్టుకొని రాత్రివేళ ఇంటింటికీ వచ్చి వేలి నుండి రక్తం చుక్క తీసుకోవడం ఆ ప్రాంతాల పెద్దలు చూసే ఉంటారు. నిద్ర చెడగొట్టేవారని విసుక్కొన్నవారే ఎక్కువ. ఆ వేళకే ఎందుకు వస్తారో ఊరికి ఎవరూ విప్పి చెప్పలేదు.

ఆ రక్తంలో పురుగుపిల్లలు కనిపించినవారికి ఇచ్చిన మాత్ర డైఇథైల్‌కార్బమజీన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947లో అది వెలువడినపుడు అక్కడ పరిశోధనను నడిపిస్తున్నది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దోమలకూ బోదకాలుకూ పేరుబడ్డ గడ్డమీద పుట్టినవాడి చేతుల మీదుగా ఆ మందు ప్రపంచానికి అందింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. 2004 నుండి భారతదేశంలో ఏటా సామూహికంగా పంచుతున్న పైలేరియా మందులలో అదే ప్రధానం. 2018 నుండి కొన్ని జిల్లాలలో దానితోపాటు ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ కలిపి మూడు మందులుగా ఇస్తున్నారు.

అయితే ఆ మందుకు ఒక హద్దు ఉంది. అది రక్తంలోని పురుగుపిల్లలను చంపుతుంది, పెద్ద పురుగులలో కొన్నింటిని చంపుతుంది, జబ్బు మరొకరికి పాకకుండా ఆపుతుంది. పురుగు ఏళ్ళ తరబడి కాపురముండి పాడుచేసిన నాళాన్ని మాత్రం తిరిగి తెరవలేదు. దొంగను పట్టుకొన్నంత మాత్రాన విరగగొట్టిన తలుపు తిరిగి నిలబడదు.

కాన్సర్ విషయంలో పురుగు లేదు, సర్జన్ కత్తే ఉంది. రొమ్ము నుండి పారే శోషరసం చంకలోని గ్రంథుల గుండా పోతుంది గనుక కాన్సర్ కణాలు మొదట చేరేది అక్కడికే. చంక గ్రంథులను మొత్తంగా తీసివేయవలసి వచ్చినపుడు సుమారు అయిదుగురిలో ఒకరికి చేయి వాస్తుంది. మొదటి కాపలా గ్రంథిని మాత్రమే తీసి పరీక్షించే పద్ధతి వాడుకలోకి వచ్చిన తరువాత, ఆ పద్ధతి సరిపోయినవారిలో ఇది ఇరవైమందిలో ఒకరికి తగ్గింది. గర్భాశయం, పౌరుషగ్రంథి కాన్సర్ల చికిత్స తరువాత కాళ్ళు వాయడం కూడా ఈ కోవలోనిదే.

కుట్టుపని నేర్చిన సర్జన్

మూసుకొన్న నాళాన్ని తెరవలేకపోతే పక్క దారి తవ్వాలి. ఆ ఆలోచన పాతదే. అర మిల్లీమీటరు వెడల్పుకూడా లేని, రంగులేని గొట్టాన్ని పట్టుకొని కుట్టడమెట్లా అన్నదే ప్రశ్న. దానికి సమాధానం దొరకడానికి అరవై డెబ్భై ఏళ్ళు పట్టింది.

1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురై మరణించాడు. తెగిన పెద్ద సిరను కుట్టగలిగే విద్య అప్పటికి ఎవరికీ లేదు. అదే ఊరిలో వైద్యవిద్యార్థిగా ఉన్న అలెక్సిస్ కారెల్ ఈ లోటును పట్టించుకొని, అల్లికపనిలో దిట్ట అయిన ఒక స్త్రీ వద్ద సన్నసూదులతో కుట్టడం నేర్చుకొన్నాడు. గుండ్రని గొట్టపు అంచును మూడుచోట్ల దారంతో పట్టి లాగితే త్రికోణమవుతుంది; తిన్నని అంచు కుట్టడం సులువు. 1902లో అతడు ప్రకటించిన ఈ చిట్కా అతనికి 1912లో నోబెల్ బహుమతి తెచ్చిన కృషికి పునాది అయింది. నోబెల్ స్థాయి శస్త్రవిద్యకు గురువు ఒక కుట్టుపని ఇల్లాలు కావడం గమనింపదగిన విషయం.

సూక్ష్మదర్శినిని 1921లో స్వీడన్‌లో చెవి ఆపరేషన్‌కు వాడారు. దానికింద మిల్లీమీటరు స్థాయి రక్తనాళాలను కుట్టి చూపినది అమెరికాలోని వెర్మాంట్‌లో జేకబ్సన్, స్వారెజ్‌లు, 1960లో. దీనిని పట్టుకొని అసలైన తపస్సు చేసినవాడు కాలిఫోర్నియాకు చెందిన హారీ బంకీ. పనిచేసే ఆస్పత్రిలో వసతి లేక, ఇంటి గరాజునే ప్రయోగశాలగా మార్చుకొని, వైద్యురాలైన భార్య కాన్‌స్టన్స్ సాయంతో కుందేలు చెవిని పూర్తిగా తెంచి తిరిగి అతకడానికి ప్రయత్నించాడు. యాభైకి పైగా చెవులు చచ్చిపోయాయి. తగిన సూదీ దారమూ అంగడిలో దొరకక, దారపు కొసకు తానే లోహపు పూత పట్టించుకొన్నాడు. 1964 నాటికి చెవి అతికి బ్రతికింది. మరి రెండేళ్ళకు కోతి కాలివేలు చేతికి బొటనవేలయింది. ఈలోగా 1965లో జపాన్‌లోని నారా నగరంలో కొమాత్సు, తమాయ్ అనే వైద్యులు మనిషి తెగిన బొటనవేలిని సూక్ష్మదర్శిని కింద అతికించారు.

సుశ్రుతుడు ఆనాడే ముక్కు అతికించాడు కదా, కొత్తేముందని కొందరు అడుగుతారు. కొత్తదనం తొడిమలో ఉంది. సుశ్రుతుని పద్ధతిలో చెక్కిలి చర్మాన్ని, తరువాతి కాలపు భారతీయ వైద్యుల పద్ధతిలో నుదుటి చర్మాన్ని ఒకవైపు తొడిమ వదిలి తిప్పి ముక్కుపై పరిచేవారు. ఆ తొడిమ ద్వారా రక్తం అందుతూ ఉండేది. కనుక పక్కనున్న చర్మమే పనికివచ్చేది. సూక్ష్మ శస్త్రచికిత్సలో తొడిమను పూర్తిగా కోసివేస్తారు. తొడ చర్మం దవడకు, పొట్ట కొవ్వు రొమ్ముకు, పిక్క ఎముక ముఖానికి ప్రయాణిస్తాయి. అక్కడి ధమనికి ధమని, సిరకు సిర కుట్టి రక్తం పారిస్తారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డేనియల్, టేలర్‌లు 1973లో ఇటువంటి స్వతంత్ర చర్మఖండం గురించి రాసిన నాటి నుండి పునర్నిర్మాణ శాఖ రూపురేఖలే మారిపోయాయి. భారతదేశంలో కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ తెగిన చేతులను అతకడంలో పేరుపొంది, విదేశీ సర్జన్లు వచ్చి నేర్చుకొనే చోటుగా ఎదిగింది.

సుశ్రుతునితో మరొక పాత బంధం మాత్రం నిలిచి ఉంది. అతికించిన వేలికి రక్తం వెళ్ళే దారి బాగుండి, తిరిగి వచ్చే దారి చాలకపోతే వేలు నల్లబడి ఉబ్బుతుంది. అప్పుడు నేటి ఆస్పత్రులలో కూడా జలగను పట్టిస్తారు. సుశ్రుతసంహితలో ఒక అధ్యాయమే జలగలకు కేటాయించబడింది. అమెరికా ప్రభుత్వపు ఔషధ విభాగం 2004లో వాటిని వైద్య సాధనంగా అనుమతించింది.

ఇంట్లో ఎవరికైనా వేలు తెగినపుడు ఆ ముక్కను తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుముక్కలు వేసిన నీటిలో ఉంచి తీసుకువెళ్ళాలి. తెగిన వేలిని నేరుగా మంచులో పెడితే గడ్డకట్టి చచ్చిపోతుంది. తొందరలో చాలామంది చేసే పొరపాటు అదే.

నీటికి నీటిబాట

రక్తనాళం కుట్టడం వచ్చినా శోషరస నాళం చిక్కలేదు. 1960లలోనే పోలండ్‌లో నీలుబోవిచ్, ఓల్షెవ్‌స్కీలు గజ్జలోని గ్రంథినే కోసి, దాని కోతను సిరకు అతికించి, శోషరసాన్ని రక్తంలోకి మళ్ళించారు. తంజావూరులో ప్రొఫెసర్ జమాల్ ఇదే పద్ధతిని బోదకాలు రోగులపై 1980ల ప్రాంతంలో విస్తారంగా వాడారు. మెల్‌బోర్న్‌లో ఓబ్రయన్ 1977లో నాళాన్నే నేరుగా సిరకు కుట్టిన ఫలితాలను ప్రకటించాడు. కాని అప్పటి సిరలు పెద్దవి. వాటిలోని ఒత్తిడి శోషరసపు ఒత్తిడికన్న ఎక్కువ. నీరు సిరలోకి పోవడానికి బదులు రక్తం నాళంలోకి ఎదురు తన్ని గడ్డకట్టేది. పల్లపు కాలువను మెట్ట కాలువలోకి మళ్ళించినట్లుండేది పని.

ఈ ముడి విప్పినవారిలో ముఖ్యుడు జపాన్‌కు చెందిన ఇసావో కోషిమా. చర్మానికి అతి దగ్గరగా ఉన్న, అర మిల్లీమీటరు చుట్టుపట్ల ఉండే సన్నసిరలను ఆయన ఎంచుకొన్నాడు. వాటిలో ఒత్తిడి అల్పం; కవాటం గట్టిగా ఉన్నదాన్ని చూసి తీసుకొంటే రక్తం వెనక్కి తన్నదు. 0.3 నుండి 0.8 మిల్లీమీటర్ల నాళాలను కుట్టే ఈ పనికి అతిసూక్ష్మ శస్త్రచికిత్స అని పేరు వచ్చింది. మనిషి తలవెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. ఇక్కడ వాడే సూది మందం 0.05. దారం 0.01 మిల్లీమీటరుకు కూడా లోపే. నల్లగుడ్డ మీద పడితే మామూలు కంటికి కనబడదు.

ఆపరేషన్ తీరు ఇది. వేళ్ళ సందుల్లో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును చర్మంలోకి ఎక్కిస్తారు. పరారుణ కెమెరాతో చూస్తే ఆ రంగును మోస్తున్న నాళం తెల్లని గీతలా వెలుగుతుంది. గీత నిటారుగా పోతే నాళం బాగున్నట్లు. ముగ్గుపిండి చల్లినట్లు చుక్కలు చుక్కలుగా చెదిరితే నాళం నుండి నీరు చర్మంలోకి వెనక్కి కారుతున్నట్లు. వెలిగే గీతకూ సన్నసిరకూ దగ్గరైన చోటు చూసి రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెడతారు. నాళాన్ని కోసి, తెరిచిన కొసను సిర కొసకు చేరుస్తారు. సూక్ష్మదర్శిని కింద సర్జన్ ఊపిరి సైతం చేతిని కదిలిస్తుంది. మోచేతులు ఆనించి వేలికొసలతోనే పనిచేయాలి. కాఫీ మానుకొనేవారున్నారు. చేతివణుకును వడగట్టే యంత్రంతో మొదటిసారి మనిషికి ఈ కుట్టు వేసినది 2017లో, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో. ఆరేడు కుట్లు పడి బిగింపు వదలగానే ఎర్రగా ఉన్న సన్నసిరలోకి తేటనీరు జొరబడి, రక్తాన్ని ముందుకు నెట్టి, సిరను క్షణంలో పారదర్శకం చేస్తుంది. అప్పటికి నాలుగైదు గంటలుగా తల ఎత్తని సర్జన్‌కు అదే ఫలితం. ఒకే చేతిలో ఇటువంటి కలయికలు రెండు మూడు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి చేస్తారు. మత్తు కూడా చాలాసార్లు ఆ చోటికే సరిపోతుంది. రోగి మెలకువగానే ఉండవచ్చు.

ఇంతటి పనితనానికి కూడా కాలం అడ్డుపడుతుంది. శోషరస నాళం మూసుకొన్న తరువాత మొదట ఉబ్బుతుంది, తరువాత గోడ దళసరెక్కి ముడుచుకొంటుంది, చివరకు లోపలి దారి పూడిపోయి గట్టి తాడవుతుంది. తాడును సిరకు కుట్టి ప్రయోజనం లేదు. రోగి ఆలస్యంగా వస్తే ప్రపంచంలోని ఏ చేయీ ఈ చికిత్స చేయలేదు. అప్పుడు మరో మార్గం ఉంది: రోగి గజ్జ, మెడ, లేక పొట్టలోని వప నుండి కొన్ని గ్రంథులను వాటి రక్తనాళాలతో సహా తీసి, చంకలోనో మణికట్టు వద్దనో నాటి రక్తం పారించడం. ఫ్రాన్స్‌లో కొరిన్ బెకర్ దీనికి బాట వేసింది. పొట్ట కొవ్వుతో రొమ్మును తిరిగి నిర్మించేటపుడే గజ్జ గ్రంథులనూ కలిపి తెచ్చే ఆపరేషన్ కూడా ఉంది. గ్రంథులు ఇచ్చిన కాలు కొత్తగా వాచే ప్రమాదం లేకపోలేదు; అందుకే కాలి నుండి వచ్చే నీటిని ఏ గ్రంథి మోస్తున్నదో ముందు రంగుతో గుర్తించి దానిని వదిలివేస్తారు.

నీరంతా కొవ్వుగా మారిన చేతికి స్వీడన్‌లోని మాల్మోలో హోకన్ బ్రోర్సన్ 1987 నుండి మరొక దారి చూపాడు. అందానికి వాడే లిపోసక్షన్‌నే వాడి కొవ్వు లాగివేసి, బిగుతు తొడుగు రాత్రింబగళ్ళు, జీవితాంతం తొడిగించాడు. చేతులు మామూలు కొలతకు వచ్చాయి. తొడుగు మానితే వాపు తిరిగి వస్తుంది. పూర్వం ఇటువంటి కాళ్ళకు చర్మమంతా ఒలిచి, వేరే చర్మం అతికించేవారు. దానికి కలకత్తాలో పనిచేసిన సర్ రిచర్డ్ హావెలాక్ చార్ల్స్ పేరు పెట్టారు. తమాషా ఏమంటే, 1912లో ఆయన రాసినది బోదబుడ్డ గురించే గాని కాలు గురించి కాదు. పుస్తకం నుండి పుస్తకానికి ఎక్కిన పొరపాటును 1996లో గాని ఎవరూ ఎత్తి చూపలేదు.

ఈ ఆపరేషన్లలో ఏదీ అందరికీ పూర్తి నివారణ కాదు. బరువు తగ్గడం, జ్వరాలు రాకపోవడం, తొడుగు వాడవలసిన గంటలు తగ్గడం చాలామందికి దక్కే లాభం. తొడుగును పూర్తిగా వదిలినవారు కొందరే. ఈ మాట ముందే చెప్పే సర్జన్‌ను నమ్మవచ్చు.

సర్జన్ వద్దకు వెళ్ళక ముందు

సూక్ష్మదర్శినికన్న ముందు రావలసినది సబ్బు. బ్రెజిల్‌లోని రెసీఫెలో డాక్టర్ జెరూసా డ్రేయెర్ బోదకాలు రోగులను గమనించి, చలి జ్వరంతో కాలు ఎర్రబడే దాడులకు ప్రధాన కారణం పురుగు కాదనీ, వేళ్ళ సందుల పుండ్ల గుండా చొరబడే బాక్టీరియా అనీ చూపింది. ప్రతి దాడి మరికొన్ని నాళాలను పూడ్చి వాపును పెంచుతుంది. రోజూ సబ్బుతో కడగడం, సందులు తుడిచి ఆరబెట్టడం, కాలు ఎత్తున పెట్టుకోవడం, చెప్పులు తొడుక్కోవడం వల్ల దాడులు గణనీయంగా తగ్గుతాయి. ఇండియాలో ఉన్న పెద్దలకు ఫోనులో చెప్పడానికి ఇది ఖరీదులేని వైద్యం. కాన్సర్ తరువాత వాచిన చేతికీ ఇదే సూత్రం: గోళ్ళ దగ్గర చీలికలు, వంటింటి కాలుళ్ళు, కత్తి గాట్లు తేలికగా తీసుకోరాదు. చేయి హఠాత్తుగా ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు వైద్యునికి చూపాలి.

శిక్షణ పొందినవారు చేసే మర్దన, పొరలు పొరలుగా కట్టే కట్లు, బిగుతు తొడుగు, వ్యాయామం ఇప్పటికీ మొదటి చికిత్సే. ఆ మర్దన కాళ్ళు పిసికించుకోవడంవంటిది కాదు; చర్మాన్ని మాత్రమే మెత్తగా, గ్రంథులు బాగున్న వైపుకు జరిపే విద్య. వాచిన చేత్తో బిందె ఎత్తకూడదు, పసిబిడ్డను ఎత్తకూడదు అని ఏళ్ళ తరబడి భయపెట్టారు. క్రమంగా పెంచుతూ బరువులెత్తితే వాపు పెరగదని 2009లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. మనవడిని ఎత్తుకోవడానికి భయపడిన అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

అమెరికాలో 1998 నాటి చట్టం ప్రకారం, రొమ్ము తొలగింపుకు ఖర్చు భరించే బీమా పథకాలు పునర్నిర్మాణానికీ, చేయి వాపు చికిత్సకూ కూడా ఖర్చు భరించాలి. మెడికేర్ మాత్రం బిగుతు తొడుగులకు ఏమీ ఇచ్చేది కాదు. 2022 డిసెంబరులో ఆమోదం పొందిన చట్టం వల్ల 2024 జనవరి 1 నుండి ఇస్తున్నది. ఈ రెండూ తెలియక సొంత డబ్బుతో తొడుగులు కొనుక్కొన్న కుటుంబాలు తక్కువేమీ కావు.

కాన్సర్ ఆపరేషన్‌కు ముందే ఒక దర్జీ టేపు తీసుకొని, మోచేతికి పైన పది సెంటీమీటర్ల వద్ద, కింద పది సెంటీమీటర్ల వద్ద, మణికట్టు వద్ద రెండు చేతులూ కొలిచి తేదీతో రాసి ఉంచుకోవాలి. తరువాత మూడు నెలలకొకసారి అదే చోట కొలవాలి. రెండు చేతుల తేడా ముందుకన్న రెండు సెంటీమీటర్లు పెరిగినట్లు కనిపిస్తే, గాజులు బిగుతయ్యేదాకా ఆగకుండా, ఆ కాగితం పట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళాలి. అప్పటికి నాళాలింకా తాళ్ళు కాలేదు.